‘మీరు వెళ్ళి రండి, నేనిక్కడ కూర్చుంటా’: అమ్మతో వైజాగ్

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని ఊరు చూడ్డానికి వెళ్ళినవాళ్ళకు ఈ మాట బాగా తెలుసు. బండి ఆగీ ఆగకముందే, అక్కడ ఏముందో కూడా చూడకుండానే అనేస్తారు, మీరు వెళ్ళి రండి నేనిక్కడ కూర్చుంటా అని. మనం కూడా ఒకసారి మొహమాటానికి రమ్మని పిలిచి, సరే అయితే నీళ్ళ బాటిల్ దగ్గర పెట్టుకో అని వెళ్ళిపోతాం. ఈసారి వైజాగ్‌లో మా అమ్మ ఆ మాట ఎప్పుడు నిజంగా అంటోంది, ఎప్పుడు మనకు ఇబ్బంది ఎందుకని అంటోంది అనేది కాస్త పట్టించుకుని చూశాను. రెండూ ఉన్నాయి, చూడ్డానికి మాత్రం ఒకేలా ఉంటాయి.

అమ్మకు డెబ్బై దాటాయి. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, ఆపరేషన్ మాటెత్తితే ఫలానా ఊళ్ళో ఫలానా ఆవిడ చేయించుకుని ఇప్పటికీ మంచం దిగలేదని ఒక కథ చెప్తుంది, ఆ ఆవిడ ఎవరో మాకు ఇంతవరకూ తెలియదు. ఇంట్లో గోడ పట్టుకుని, బయట చేతికర్రతో ఒక వంద అడుగుల దాకా నడుస్తుంది, ఆ తర్వాత ఎక్కడో ఒకచోట కూర్చోవాల్సిందే. మెట్లయితే ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి ఎక్కుతుంది, దిగడం అంతకన్నా కష్టం. తోడుగా మా పిన్ని వచ్చింది, అమ్మ కంటే ఐదేళ్ళు చిన్న, నడకలో మాత్రం మా పిల్లల ఈడు. ఇక మా ఆయన, ఇద్దరు పిల్లలు, నేను.

మాది ఖమ్మం కాబట్టి గోదావరి ఎక్స్‌ప్రెస్. రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి వైజాగ్. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. రైల్వేలో 60 దాటిన మగవాళ్ళకూ, 45 దాటిన ఆడవాళ్ళకూ లోయర్ బెర్త్ కోటా ఉంది, అయితే ఆ టికెట్ మీద ఒక్కరే ఉండాలి, లేదా ఆ వయసువాళ్ళు ఇద్దరే ఉండాలి. అందరం కలిసి వెళ్తున్నాం కదా అని కుటుంబం మొత్తానికి ఒకే టికెట్ తీస్తే ఆ కోటా వర్తించదు, అమ్మకు పైబెర్త్ వచ్చి, ఎదుటివాళ్ళను బతిమాలుకుంటూ కూర్చోవాలి. అందుకే అమ్మకూ పిన్నికీ కలిపి ఒక టికెట్, మాకు వేరే టికెట్ తీశాం. బోగీలు వేరైతే వేరయ్యాయి, పడుకునేదాకా మా ఆయన వాళ్ళ దగ్గరే కూర్చున్నారు. ఇంకోటి, వైజాగ్ స్టేషన్లో ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీద దిగితే మెట్ల పని లేకుండా బయటికి వచ్చేయొచ్చు. మధ్య ప్లాట్‌ఫాం అయితే లిఫ్ట్ ఎక్కడుందో ముందే కనుక్కోండి, రైలు దిగిన జనమంతా కదిలాక నెమ్మదిగా వెళ్ళండి. తొందరేముంది, సముద్రం ఎక్కడికీ పోదు.

హోటల్ సంగతి. ఫోన్లో అడిగితే లిఫ్ట్ ఉందండీ అన్నారు. ఉంది, కాదనను, కాకపోతే రోడ్డు మీంచి ఆ లిఫ్ట్ దాకా వెళ్ళడానికి ఆరు మెట్లున్నాయి. పక్కన ఒక ర్యాంపు కూడా ఉంది, అది స్కూటర్లు లోపలికి ఎక్కించుకోవడానికి కట్టింది, దానిమీద వీల్‌చైర్ తోస్తే వెనక్కి మన మీదకే వస్తుంది. ర్యాంపు అంటే ఒక అడుగు ఎత్తుకి కనీసం 12 అడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. మన దగ్గర ఒక అడుగు ఎత్తుకి మూడడుగులు కడితే అదే గొప్ప. కాబట్టి ఫోన్లో ‘లిఫ్ట్ ఉందా’ అని అడిగి ఊరుకోకండి. రోడ్డు నుంచి లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లు, బాత్రూంలో వెస్ట్రన్ కమోడ్ ఉందా, బాత్రూం గడప ఎంత ఎత్తు, మంచం మరీ కిందకుందా అని ఒక్కొక్కటీ అడగండి. అవతలివాడు విసుక్కుంటే విసుక్కోనీండి. వీలైతే ఆ మెట్ల ఫోటో వాట్సాప్‌లో పెట్టమనండి, మాటల్లో రెండే మెట్లు ఉంటాయి, ఫోటోలో ఆరు కనిపిస్తాయి.

వీల్‌చైర్ అద్దెకు తీసుకుందామన్నది నా పట్టుదల. కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి దగ్గర సర్జికల్ షాపుల వైపు వెళ్ళి విచారిస్తే డిపాజిట్ కట్టించుకుని మడతపెట్టే కుర్చీ ఒకటి ఇచ్చారు, కారు డిక్కీలో పడుతుంది, బరువు మాత్రం బాగానే ఉంది. అమ్మ దాన్ని చూసి మొహం తిప్పేసుకుంది. “నాకేమన్నా రోగమా, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు, బండిలో పెట్టి తోస్తారా నన్ను” అని ఒకటే గొడవ. నేను నచ్చజెప్పబోతే ఇంకా బిగుసుకుపోయింది. అప్పుడు పిన్ని ఏం చేసిందంటే, దర్జాగా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని, “ఒరేయ్, నన్ను తొయ్యండ్రా” అని మా పిల్లలకు పురమాయించింది. హోటల్ వరండాలో అటొకసారి ఇటొకసారి తిరిగారు. మా చిన్నాడు మలుపు దగ్గర గోడకు గుద్దాడు కూడా. రెండో చుట్టుకే అమ్మ, “లేవే, కాళ్ళు బానే ఉన్నాయిగా నీకు, ఎందుకే అది” అంది. అంతే, ఆ తర్వాత మళ్ళీ రోగం మాట రాలేదు. అలసినప్పుడే కూర్చుంటాను, మిగతాప్పుడు దానిమీద సంచులు పెట్టండి అన్న షరతు మీద ఒప్పుకుంది. ఆ షరతు చాలా తెలివైందని తర్వాత అర్థమైంది, కుర్చీని పట్టుకుని నడిస్తే చేతికర్ర కంటే బాగా ఆసరాగా ఉంటుంది.

ఆర్కే బీచ్ రోడ్డులో తెల్లవారుజామున కొన్ని గంటలు వాహనాలు ఆపేస్తారు. ఈ ఊరికి వెళ్ళే నడవలేనివాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే. ఫుట్‌పాత్ ఎక్కడం దిగడం, పలకలు లేచిపోయిన చోట చక్రం ఇరుక్కోవడం, ఈ తంటాలేవీ లేకుండా నడిరోడ్డు మీద వీల్‌చైర్ వెళ్ళిపోతుంది. తూర్పు సముద్రం కాబట్టి సూర్యోదయం నీళ్ళలోంచే. వాకింగ్ చేసేవాళ్ళు, స్కేటింగ్ పిల్లలు, నవ్వుల క్లబ్బులో గట్టిగట్టిగా నవ్వే పెద్దాయనలు. అమ్మ వాళ్ళను చూసి, “వీళ్ళకేమైందే పొద్దున్నే” అంది. నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగ అక్కడే పోయింది, ఎందుకంటే ఆ నలుగురూ ఎవరి గొడవలో వాళ్ళున్నారు.

ఇసుక దగ్గరికొచ్చేసరికి మాత్రం కుర్చీ పని అయిపోయింది. సన్న చక్రాలు, రెండడుగులు వెళ్ళి దిగబడిపోతాయి. పైగా ఆర్కే బీచ్‌లో నీళ్ళ దగ్గర వాలు ఎక్కువ, అలలు లాగేస్తాయి, గట్టికాళ్ళవాళ్ళే జాగ్రత్తగా ఉండాలి అక్కడ. అమ్మ గట్టు దగ్గర కూర్చుంటే పిల్లలు బాటిల్లో సముద్రం నీళ్ళు తెచ్చి కాళ్ళమీద పోశారు, బాగుంది అన్నది ఒక నిమిషం, ఆ తర్వాత వేళ్ళ సందుల్లో ఇసుక చేరి, వంగి దులుపుకోలేక, అందర్నీ వరసపెట్టి తిట్టింది. చెన్నై మెరీనాలో 2022 నవంబరులో దివ్యాంగుల కోసం ఇసుకమీద నీళ్ళ దాకా చెక్క దారి వేశారు, 263 మీటర్లు. నెల తిరక్కుండానే మాండౌస్ తుపానుకు కొంత దెబ్బతింది, మళ్ళీ బాగుచేశారు. మేం తిరిగిన బీచ్‌లలో అలాంటిది నా కంటికి కనిపించలేదు. ఇంత పెద్ద తీరం ఉన్న ఊరికి అదేమంత పెద్ద ఖర్చు? శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిందని రుషికొండ గురించి చెప్పుకుంటాం, ఆ గుర్తింపు నిబంధనల్లోనే దివ్యాంగులకు సదుపాయాలు ఉండాలని ఉంది. మరి మిగతా బీచ్‌ల సంగతేంటి?

కురుసుర సబ్‌మెరైన్ దగ్గర అమ్మ ‘మీరు వెళ్ళి రండి’ అన్నప్పుడు నేను రెండు మూడుసార్లు అడిగాను. అక్కడ నిజంగానే కుదరదు. ఇనప మెట్లెక్కి లోపలికి దిగాలి, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి తూముల్లాంటి ద్వారాలు, కాలు ఎత్తి అవతల పెట్టి, నడుం వంచి, తల కాచుకుంటూ దూరాలి. 91 మీటర్ల పొడవున అదే వరస. మోకాళ్ళు వంగనివాళ్ళు మధ్యలో ఆగిపోతే ముందుకూ పోలేరు, వెనక జనం వల్ల వెనక్కీ రాలేరు. ఈ సబ్‌మెరైన్ 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ఇలా ఒడ్డున మ్యూజియంగా ఉంది. సోమవారం సెలవు, అది చూసుకుని వెళ్ళండి.

మేం లోపలికి వెళ్ళి వచ్చేసరికి అమ్మ బయట కుర్చీలో కూర్చుని మురీ మిక్చర్ తింటోంది. బొరుగులు, ఉల్లిపాయ, టొమాటో, నిమ్మరసం కలిపి పొట్లం కట్టి ఇస్తారే, అది. బండి అబ్బాయితో అప్పటికే చుట్టరికం కలిసిపోయింది. “ఏటి మామ్మగారూ, మోకాల్లా? మా అమ్మకీ అంతే” అని అతను, అల్లం పాలు తాగమని ఈవిడ. సబ్‌మెరైన్ ఎలా ఉందే అని అడిగి, మా పెద్దది చెప్పబోతుంటే వినకుండా, ఆ అబ్బాయి చెల్లెలి పెళ్ళి ఎంతలో చేశాడో మాకు చెప్పింది. ఇది నిజం ‘వెళ్ళి రండి’. అక్కడ అమ్మ మాకోసం ఏదీ వదులుకోలేదు, హాయిగా ఉంది.

రోడ్డుకు అవతలివైపే టీయూ-142 విమానం. అరక్కోణంలో ఉండే ఈ సముద్ర నిఘా విమానాన్ని 2017 మార్చిలో విరమింపజేశారు, అదే ఏడాది డిసెంబరులో ఇక్కడ మ్యూజియం తెరిచారు. విమానం లోపలికి ఎక్కడం అమ్మ వల్ల కాదు గానీ, దాని కింద కుర్చీలో కూర్చుని తలెత్తి చూస్తే చాలు. నాలుగు ఇంజిన్లు, ఒక్కో ఇంజిన్‌కు రెండేసి ఫ్యాన్లు ఒకదాని వెనక ఒకటి, ఒకటి ఇటు తిరిగితే ఇంకోటి అటు. పిల్లలకంటే అమ్మే ఎక్కువసేపు చూసింది. ఆ పక్కనే 1971 యుద్ధ స్మారకం. ఆ ఏడాది డిసెంబరులో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఈ ఊరి దగ్గరే మునిగిపోయింది. అప్పుడు ఊళ్ళో రేడియో చుట్టూ జనం మూగేవాళ్ళని, రాత్రి దీపాలు ఆర్పమన్నారని అమ్మ, పిన్ని పోటీలు పడి చెప్పారు. ఖమ్మంలో దీపాలెందుకు ఆర్పారు అని మా ఆయన అడిగితే ఇద్దరూ కలిసి ఆయన మీద పడ్డారు.

సింహాచలం దగ్గర కథ వేరు. కొండమీది దాకా కారు వెళ్తుంది, బస్సులూ ఉన్నాయి, కింద నుంచి వెయ్యి మెట్లు ఎక్కాల్సిన పని లేదు. కానీ పైన దిగాక మెట్లూ, క్యూలైన్లూ ఉండనే ఉన్నాయి. కారు దిగగానే, “నేనిక్కడి నుంచే దణ్ణం పెట్టుకుంటాలే, మీరు వెళ్ళి రండి” అంది. గొంతు మామూలుగానే ఉంది. చెప్పులు మాత్రం విప్పేసింది. కూర్చుండిపోవాలనుకున్న మనిషి చెప్పులెందుకు విప్పుతుంది? దర్శనానికి తలస్నానం చేసి, పొద్దున్నుంచీ ఏమీ తినలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది నాకు. పిన్నిని పక్కకు పిలిచి అడిగితే చెప్పింది, పెళ్ళయిన కొత్తలో నాన్నతో వచ్చి గుళ్ళో ఉన్న కప్పస్తంభాన్ని కౌగిలించుకుని మొక్కుకుందట, ఆ తర్వాతే నేను పుట్టానట. ఇన్నేళ్ళలో ఈ ముక్క నాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఇక ఆగలేదు. మా ఆయన లోపలికి వెళ్ళి అక్కడి సిబ్బందిని, నడవలేని పెద్దావిడ ఉన్నారు, తక్కువ నడకతో ఎటునుంచి వెళ్ళొచ్చు అని అడిగి వచ్చారు. ఎక్కడికెళ్ళినా ఇదే చెప్తాను, బోర్డు కోసం వెతక్కండి, యూనిఫాం ఉన్న మనిషిని వెతకండి. చాలాచోట్ల దారి ఉంటుంది, అడిగినవాళ్ళకే కనిపిస్తుంది. పిన్ని ఒక రెక్క, నేనొక రెక్క, మెట్టుకు రెండు కాళ్ళు చొప్పున, వెనకవాళ్ళు తోస్తుంటే వాళ్ళ మీద పిన్ని కేకలు. లోపల అప్పన్న ఏడాది పొడవునా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూపం వైశాఖ శుద్ధ తదియ నాడు ఒక్కరోజే. ఆ రోజు మాత్రం నడవలేనివాళ్ళతో ఆ కొండ వైపు చూడకండి, ఆ జనంలో మామూలువాళ్ళకే ఊపిరాడదు. అమ్మ కప్పస్తంభానికి చేతులు చుట్టి ఏం కోరుకుందో చెప్పలేదు, మా ఆయన మాత్రం మోకాళ్ళే అయ్యుంటాయి అన్నారు. రాత్రి కాళ్ళు వాచాయి. ఐస్ పెట్టాం, ఒక గోలీ వేసుకుంది, మర్నాడు పదింటిదాకా మంచం దిగలేదు. ఇలాంటి రోజు తర్వాత మరుసటి రోజు ఖాళీగా ఉంచుకోవాలి, ఇది ముందే అనుకుని పెట్టుకోండి, లేకపోతే ఎవరో ఒకరు ‘నావల్లే మీ ట్రిప్పు పాడైంది’ అని మొదలుపెడతారు.

పాత ఊళ్ళో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి చిన్నదే. అమ్మవారికి పైకప్పు ఉండదు, ఆరుబయటే, మన చేత్తోనే పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు. మార్గశిర గురువారాలు తప్ప మిగతా రోజుల్లో ఆటో దిగి త్వరగానే దర్శనం చేసుకోవచ్చు. కైలాసగిరి మీదికి రోప్‌వే కంటే కారులో వెళ్ళడమే మేలనిపించింది మాకు. పైన బొమ్మ రైలు కొండ చుట్టూ తిప్పుతుంది, మా చిన్నాడు ఒక చేయి, నేనొక చేయి పట్టుకుంటే ఎక్కేసింది, కూర్చున్నచోటి నుంచే కింద తీరమంతా కనిపిస్తుంది. శివపార్వతుల తెల్ల విగ్రహాల దగ్గర ఫోటో దిగకుండా అమ్మను కదిలించడం ఎవరి వల్లా కాలేదు. జూలో బ్యాటరీ బండి ఎక్కించాం, పిల్లలకు నచ్చింది, అమ్మ నిద్రపోయింది.

అరకు అందరూ బొర్రా గుహల కోసం వెళ్తారు. గుహల్లోకి దిగి ఎక్కే మెట్లు మోకాళ్ళవాళ్ళకు కావు, చెప్పాల్సిన పని లేదు. కానీ అరకు దాకా వెళ్ళే రైలే చాలు. 2017 నుంచి ఈ దారిలో అద్దాల కప్పున్న విస్టాడోమ్ బోగీ నడుపుతున్నారు, సీటు కిటికీ వైపు తిప్పుకోవచ్చు. ఈ లైను 1960లలో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి వేసింది, కొండల్లో సొరంగం వెంట సొరంగం. ప్రతి సొరంగంలోనూ బోగీ మొత్తం అరుస్తుంది, మొదట్లో చెవులు మూసుకున్న అమ్మ నాలుగో సొరంగం నుంచి తనూ అరిచింది. బొర్రాలో పిన్ని, పిల్లలు, మా ఆయన దిగిపోయారు, కారులో వెనక వస్తామని. అమ్మా నేనూ అరకు దాకా వెళ్ళి, నెమ్మదిగా గిరిజన మ్యూజియం చూసి, కాఫీ తాగాం. ఇలా విడిపోవడం అందరికీ మంచిది. ఆరుగురం ఆరు పూటలూ కలిసే ఉండాలని ఎవరన్నారు? ఒకరికోసం ఐదుగురు గుహలు మానుకుంటే ఆ ఒకరికి తినే అన్నం సయించదు.

మరుగుదొడ్డి మాట కూడా చెప్పాలి, ఎవరూ రాయరు గానీ ప్లానంతా దానిమీదే నడుస్తుంది. ఇండియన్ టాయిలెట్‌లో అమ్మ కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. అందుకని పొద్దున్నుంచీ నీళ్ళు తాగడం మానేస్తుంది, అడిగితే దాహం లేదంటుంది. విశాఖ ఉక్కపోతలో అది ప్రమాదం. దీనికి మేం చేసిందేమిటంటే, ప్రతి రెండు మూడు గంటలకూ వెస్ట్రన్ టాయిలెట్ ఉన్న రెస్టారెంటో, షాపింగ్ మాలో దారిలో పడేలా చూసుకున్నాం, టీ తాగే వంకతో ఆగాం. ‘అమ్మకోసం ఆగుదాం’ అనకుండా ‘నాకు టీ కావాలి’ అన్నాను ప్రతిసారీ. అన్నిసార్లు టీ తాగి నాకు నిద్ర పట్టలేదు, అది వేరే విషయం.

ఇక భీమిలి. కాలు కింద పెట్టకుండా వైజాగ్ చూడాలంటే భీమిలి రోడ్డే, ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం, మధ్యలో తొట్లకొండ, రుషికొండ. చివర్న గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ళ సమాధులు, పాత లైట్‌హౌస్. డ్రైవర్లు మామూలుగా బీచ్ రోడ్డు మీంచి తీసుకెళ్ళి హైవే మీంచి తెచ్చేస్తారు. మీరు తిరగేసి చెప్పండి. వైజాగ్ నుంచి భీమిలి వెళ్ళేటప్పుడు సముద్రం కుడివైపు, అంటే డ్రైవర్ వైపు ఉంటుంది. కాళ్ళు చాపుకోవడానికి వీలుగా పెద్దవాళ్ళను మనం కూర్చోబెట్టేది ముందు ఎడమ సీట్లో. అందుకని ఆనందపురం మీదుగా హైవేలో వెళ్ళి, వచ్చేటప్పుడు బీచ్ రోడ్డు పట్టుకుంటే ఆ దారి పొడవునా సముద్రం వాళ్ళ కిటికీ పక్కనే. సాయంత్రం కంటే ఉదయం మేలు, పొద్దు వాలేది కొండల వెనక కాబట్టి నీళ్ళ మీద వెలుగు త్వరగా తగ్గిపోతుంది. డ్రైవర్ గారు ఇటెందుకండీ, చుట్టు అవుద్ది అంటారు. అవనీండి, కిలోమీటర్ల లెక్క ముందే మాట్లాడుకుంటే సరిపోతుంది.